రైఫిల్ గురి సవరణ

రైఫిల్ గురి సవరణ అనగా రైఫిల్‌పై ఉన్న సైట్లు గానీ స్కోపు గానీ చూపుతున్న బిందువుకే, నిర్ణీత దూరంలో గుండు తగిలేటట్లు వాటిని సరిచేయడం. పోలీసు, సైనిక, క్రీడా పరిభాషలో దీనిని జీరోయింగ్ అంటారు. కొత్తగా కొన్న రైఫిల్‌కు, స్కోపు విప్పి తిరిగి బిగించిన రైఫిల్‌కు, తూటాల రకం మార్చినపుడు, ఆయుధం కింద పడినపుడు ఈ పరీక్ష తప్పనిసరి. వెనుక మట్టికట్ట కలిగి, అనుమతి పొందిన కాల్పుల మైదానంలో, అనగా షూటింగ్ రేంజిలో, కాగితపు లక్ష్యంపై దీనిని నిర్వహిస్తారు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో జరిగిన సవరణల తరువాత భారతదేశంలో వినోదం కోసం వేట నిషిద్ధం. అయినా నకిరేకల్ పరిసరాల వంటి దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతాలలో పంటలను నాశనం చేసే అడవిపందులను అధికారుల అనుమతితో కాల్చవలసి వచ్చినపుడు వేట రైఫిల్ అవసరం పడుతుంది. గురి సరిచూడని రైఫిల్‌తో చేలోకి వెళ్తే జంతువు చావదు, గాయంతో తప్పించుకుంటుంది. అలా గాయపడిన పంది ఆ పక్క చేలలో పనిచేసేవారికి ప్రమాదకరం. అందుచేత ఈ విషయం వేటగాళ్లకు మాత్రమే సంబంధించినది కాదు.

ఈ వ్యాసంలో తూటా అంటే ఇత్తడి గుల్ల, మందు, గుండు కలిసిన మొత్తం. గుండు అంటే గొట్టం నుంచి వెలువడి లక్ష్యాన్ని తాకే భాగం మాత్రమే.

గుండు మార్గం

రైఫిల్ గొట్టం లోపల మెలితిరిగిన గాడులు ఉంటాయి. వాటి గుండా పోయే గుండు బొంగరంలా తిరుగుతూ వెలువడుతుంది. ఈ భ్రమణం వల్ల గుండు దొర్లిపోకుండా ముక్కు ముందుకే ఉంచుకొని సాగుతుంది. పూర్వం గ్రామాలలో వాడిన భర్మార్ తుపాకి గొట్టం లోపల నున్నగా ఉండేది కాబట్టి దానికి ఈ లక్షణం లేదు. అది దగ్గరి లక్ష్యాలకే పనికి వచ్చేది.

గుండు గొట్టం నుంచి వెలువడగానే కొంత పైకి లేస్తుందని చాలామంది నమ్మకం. ఇది నిజం కాదు. గొట్టాన్ని వదిలిన క్షణం నుంచే భూమ్యాకర్షణ దానిని కిందికి లాగుతుంది. సమతలంగా పేల్చిన గుండు, అదే ఎత్తు నుంచి అదే క్షణంలో చేతి నుంచి జారవిడిచిన గుండు ఒకే కాలంలో ఒకే దూరం పడతాయని భౌతికశాస్త్ర పాఠాలలో చదివే విషయమే ఇక్కడా వర్తిస్తుంది.

ఒక లెక్క చూడవచ్చు. గుండు వేగం సెకనుకు 800 మీటర్లు అనుకొని, గాలి నిరోధాన్ని వదిలివేస్తే, అది 100 మీటర్లు పోవడానికి 0.125 సెకను పడుతుంది. ఆ కాలంలో అది సుమారు 7.7 సెం.మీ. కిందికి జారుతుంది. 200 మీటర్లకు కాలం రెట్టింపు, జారుడు నాలుగు రెట్లు, అనగా సుమారు 31 సెం.మీ. గాలి నిరోధం వల్ల నిజమైన జారుడు ఇంకా ఎక్కువ. పదవ తరగతి విద్యార్థి సైతం ఈ లెక్కను కాగితంపై చేసి చూసుకోవచ్చు.

రెండవ చిక్కు స్కోపు ఎత్తు. స్కోపు గొట్టానికి పైన సుమారు 4 సెం.మీ. ఎత్తున ఉంటుంది. కంటి చూపురేఖ సరళరేఖ. గుండు మార్గం వక్రరేఖ, అదీ చూపురేఖకు కింది నుంచి మొదలవుతుంది. ఈ రెండూ కలవాలంటే గొట్టాన్ని చూపురేఖకు కొద్దిగా ఏటవాలుగా పైకి ఎత్తి ఉంచాలి. సైట్లను సరిచేయడమంటే నిజానికి ఈ కోణాన్ని నిర్ణయించడమే. అప్పుడు గుండు చూపురేఖను సాధారణంగా రెండు చోట్ల దాటుతుంది: మొదట దగ్గరలో కింది నుంచి పైకి, తరువాత దూరంలో పై నుంచి కిందికి. పై ఉదాహరణలోని రైఫిల్‌ను 100 మీటర్లకు సరిచేస్తే, 25 మీటర్ల వద్ద గుండు సుమారు ఒకటిన్నర సెం.మీ. కింద, 50 మీటర్ల వద్ద దాదాపు గురిలోనే, 200 మీటర్ల వద్ద 11 సెం.మీ. కింద తగులుతుంది. వేగం సెకనుకు 600 మీటర్లే అయితే 200 మీటర్ల వద్ద తేడా 23 సెం.మీ. దాటుతుంది. అడవిపంది ముంగాలి వెనుక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు జానెడు వెడల్పు ఉంటుందేమో. 23 సెం.మీ. కిందికి దిగిన గుండు కాలు విరుస్తుంది, లేదా పొట్ట కింది చర్మాన్ని చీలుస్తుంది.

స్కోపు

స్కోపు అనేది చిన్న దూరదర్శిని. దానిలో కనిపించే అడ్డగీత, నిలువుగీత కలిసే చోటు గురి బిందువు. సాదా సైట్లతో గురిచూసేవారు వెనుక సైటు, ముందు సైటు, లక్ష్యం ఈ మూడింటినీ ఒకే వరుసలో నిలపాలి. మానవ నేత్రం ఒకేసారి మూడు దూరాలను స్పష్టంగా చూడలేదు. స్కోపులో గీతలు, లక్ష్యం ఒకే తలంలో కనిపిస్తాయి గనుక ఈ ఇబ్బంది తొలగుతుంది. నలభై ఏళ్లు దాటి దగ్గరి చూపు మందగించినవారికి దీనివల్ల కలిగే మేలు ఎక్కువ. అయితే స్కోపు లక్ష్యాన్ని పెద్దది చేసి చూపుతుందే తప్ప గురిని సరిచేసి ఇవ్వదు. వంకరగా బిగించిన స్కోపు తప్పు చోటునే స్పష్టంగా చూపుతుంది.

స్కోపుకు పైన ఒకటి, కుడిపక్కన ఒకటి మరలు ఉంటాయి. పైమర గుండు తగిలే చోటును పైకీ కిందికీ, పక్కమర కుడికీ ఎడమకీ జరుపుతుంది. మర తిప్పుతుంటే "టిక్కు" మని చిన్న చప్పుడుతో ఒక్కొక్క మెట్టుగా జరుగుతుంది. దీనిని క్లిక్కు అంటారు. ఒక డిగ్రీలో 60వ వంతును కోణనిమిషం అంటారు. 100 మీటర్ల దూరంలో ఒక కోణనిమిషం సుమారు 2.9 సెం.మీ. వేట స్కోపులలో ఎక్కువగా ఒక క్లిక్కు పావు కోణనిమిషం, అనగా 100 మీటర్ల వద్ద సుమారు 7.3 మి.మీ. కొన్నింటిలో మిల్లీరేడియన్ కొలత ఉంటుంది. వాటిలో ఒక క్లిక్కు 100 మీటర్ల వద్ద సరిగ్గా ఒక సెం.మీ. మెట్రిక్ పద్ధతికి అలవాటు పడ్డ మనకు రెండవదే సులువు.

స్కోపుకూ కంటికీ మధ్య 8 నుంచి 10 సెం.మీ. ఎడం ఉండాలి. తక్కువైతే తుపాకి వెనక్కి తన్నినపుడు స్కోపు అంచు కనుబొమను చీలుస్తుంది. పారలాక్స్ దోషం మరొకటి. ప్రయోగశాలలో కొలజాడీలోని నీటిమట్టాన్ని పక్కనుంచి చూస్తే తప్పు అంకె కనిపించినట్లే, కన్ను స్కోపు మధ్య నుంచి జరిగితే గీతలు లక్ష్యంపై జరిగినట్లు కనిపిస్తాయి. చెంపను ప్రతిసారీ తుపాకి కొయ్యపై ఒకే చోట ఆనించడం దీనికి విరుగుడు.

రేంజిలో పరీక్ష

మొదట ఆయుధం ఖాళీగా ఉన్నదని చూపుతోనూ వేలితోనూ నిర్ధారించుకోవాలి. తరువాత గొట్టంలోకి చూడాలి. ఏడాదిలో ఎక్కువ కాలం మూలన ఉండే తుపాకులలో మట్టిగూడు కట్టే కందిరీగలు చేరడం అసాధారణం కాదు. అడ్డంకి ఉన్న గొట్టంలో తూటా పేలిస్తే గొట్టమే పగలవచ్చు. స్కోపు బిగింపు మరలను కూడా ఈ దశలోనే చూడాలి. గురి నిలకడగా లేదని రైఫిల్‌నో తూటాలనో నిందించే సందర్భాలలో చాలావరకు దోషం వదులైన మరలదే.

తూటా ఖర్చు లేకుండా చేయదగిన పని ఒకటి ఉంది. బోల్టు ఉన్న రైఫిల్‌లో బోల్టు తీసివేసి, ఆయుధాన్ని ఇసుక సంచులపై కదలకుండా నిలిపి, గొట్టం గుండా చూస్తూ 25 మీటర్ల దూరంలోని లక్ష్యపు కేంద్రాన్ని గొట్టం మధ్యకు తెచ్చుకోవాలి. ఆ స్థితిలో తుపాకి కదలకుండా స్కోపు గీతలను అదే కేంద్రానికి జరపాలి. ఇది ఉజ్జాయింపు మాత్రమే అయినా మొదటి గుండు కాగితం మీద పడుతుందనే భరోసా ఇస్తుంది. నేరుగా 100 మీటర్ల నుంచి మొదలుపెట్టి, గుండ్లు కాగితంపై ఎక్కడా కనబడక పది తూటాలు వృథా చేసుకొనేవారు ఎందరో.

కాల్చేటపుడు ముందు కొయ్యను సంచిపై ఆనించాలి, గొట్టాన్ని ఆనించకూడదు. పేలినపుడు గొట్టం కంపిస్తుంది. దానికి గట్టి వస్తువు తగిలితే కంపనం మారి గుండు పక్కకు పోతుంది. ట్రిగ్గరును లాగకుండా నెమ్మదిగా నొక్కాలి. చెవులకు, కళ్లకు రక్షణ తప్పనిసరి.

25 మీటర్ల వద్ద సరిచేసుకొన్నాక 100 మీటర్లకు మారి, ఒకే బిందువుకు గురిచూస్తూ మూడు గాని ఐదు గాని గుండ్లు కాలుస్తారు. ప్రతి గుండుకూ మర తిప్పకూడదు. కాగితంపై పడిన రంధ్రాల సమూహాన్ని గుంపు అంటారు. ఆ గుంపు మధ్యబిందువు లక్ష్య కేంద్రానికి ఎంత దూరాన ఉన్నదో కొలుస్తారు. ఉదాహరణకు గుంపు కేంద్రం 6 సెం.మీ. ఎడమకు, 9 సెం.మీ. కిందికి ఉంటే, క్లిక్కు 7.3 మి.మీ. చొప్పున కుడికి 8, పైకి 12 క్లిక్కులు తిప్పాలి. మళ్లీ ఒక గుంపు కాల్చి చూడాలి. 50 మీటర్ల వద్ద పరీక్షిస్తే అదే క్లిక్కు సగం దూరమే, అనగా 3.6 మి.మీ. మాత్రమే జరుపుతుందని మరువరాదు. సాదా సైట్లు ఉన్న రైఫిల్‌లో నియమం వేరు: గుండు ఏ వైపుకు జరగాలో వెనుక సైటును ఆ వైపుకు, ముందు సైటునైతే దానికి వ్యతిరేక దిశకు జరపాలి.

గుంపు చెప్పే సంగతులు

గుంపు చిన్నదిగా ఉండి కేంద్రానికి దూరంగా పడితే రైఫిల్, కాల్చేవారు ఇద్దరూ నిలకడగా ఉన్నారు, సైట్లు మాత్రమే తప్పు. ఇది సులభంగా సరిదిద్దదగిన దోషం. గుంపు కేంద్రం చుట్టూ ఉన్నా చెల్లాచెదురుగా పడితే మర ఎంత తిప్పినా ప్రయోజనం లేదు. తూటాల నాణ్యత, గొట్టం అరుగుదల, స్కోపు బిగింపు, కాల్చేవారి ఊపిరి, ట్రిగ్గరు నొక్కే తీరు వీటిలో ఎక్కడో కారణం ఉంటుంది. కొలతల శాస్త్రంలో క్రమదోషం, యాదృచ్ఛిక దోషం అని చెప్పే భేదం ఇదే. మొదటి దోషాన్ని సగటు బయటపెడుతుంది. రెండవదాన్ని విస్తృతి బయటపెడుతుంది. ఒక్క గుండుతో ఈ రెండింటినీ వేరుచేయడం సాధ్యం కాదు. ఒకే గుండు కాల్చి అది కేంద్రంలో తగిలిందని తృప్తిపడటం పరీక్ష అనిపించుకోదు.

వేట రైఫిల్ విషయంలో మరొక మెలిక ఉంది. వరుసగా కాల్చితే గొట్టం వేడెక్కి గుంపు జరుగుతుంది. శుభ్రం చేసి నూనె పూసిన చల్లని గొట్టం నుంచి వెలువడే మొదటి గుండు తరచుగా మిగతావాటికి ఎడంగా పడుతుంది. క్రీడాకారునికి సగటు ముఖ్యం. చేలో జంతువు ఎదుట నిలిచినవారికి దక్కేది ఆ మొదటి గుండే. అందుచేత రెండు, మూడు వేర్వేరు రోజులలో చల్లని గొట్టంతో తొలి గుండు ఎక్కడ తగిలిందో అదే కాగితంపై గుర్తించి చూడటం మంచిది. తూటాలు తక్కువ ఖర్చయ్యే ఈ పరీక్షను ఎందుకోగాని ఎక్కువమంది చేయరు.

ఉష్ణోగ్రత ప్రభావం కూడా ఉంది. మందు వేడెక్కితే వేగంగా మండి గుండు వేగం కొంత పెరుగుతుంది. నల్గొండ జిల్లాలో మే నెలలో ఉష్ణోగ్రత 44 డిగ్రీలు దాటడం మామూలే. జనవరి తెల్లవారుజామున సరిచేసిన రైఫిల్‌ను వేసవిలో తిరిగి పరీక్షించడం అవసరం. ఎండవేళ నేల నుంచి లేచే వేడిగాలి స్కోపులో లక్ష్యాన్ని అలలుగా కదిలిస్తుంది కాబట్టి ఉదయం పూట కాల్చడమే అనుకూలం.

తెలంగాణలో నేపథ్యం

హైదరాబాదు సంస్థానంలో వేట పాలకుల వినోదం. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ (పాలన 1869–1911) పులివేటకు పేరు పొందాడు. వైస్రాయ్ లార్డ్ కర్జన్ 1902 ఏప్రిల్‌లో వరంగల్ జిల్లా నెక్కొండ సమీపంలో వేటాడిన పులులతో తీయించుకొన్న ఛాయాచిత్రం ప్రసిద్ధం. నల్లమలలోని ఫర్హాబాద్ నిజాంల వేట విడిది. నేడు ఆ అడవి అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో భాగం. ఆనాటి వేటగాళ్లు ఎక్కువగా సాదా సైట్లతోనే కాల్చేవారు. చిత్తూరు జిల్లా చామల లోయలో మనుషులను తినే పులిని గురించి వ్రాసిన కెన్నెత్ ఆండర్సన్ రైఫిల్ .405 వించెస్టర్. పొదలలో 30, 40 మీటర్ల దూరాన జరిగే ఆ వేటకు స్కోపు పెద్దగా అక్కరలేదు.

గ్రామీణుల చేతిలో ఉన్నది వేరు. 1946–51 నాటి తెలంగాణ సాయుధ పోరాటంలో నల్గొండ జిల్లా ప్రజలు తొలిదశలో వడిసెలలు, గుత్పలు, భర్మార్లతోనే నిలిచారు. దొరల గడీలలోని తుపాకులు దళాల చేతికి వచ్చింది తరువాతనే.

స్వతంత్ర భారతంలో పౌరులకు ఎక్కువగా పరిచయమైన వేట రైఫిల్ పశ్చిమ బెంగాల్‌లోని ఇచ్ఛాపూర్ రైఫిల్ కర్మాగారంలో తయారయ్యే .315. సైన్యం వాడిన .303 తూటా పౌరులకు నిషిద్ధం కావడంతో, ఆస్ట్రియా మన్లిఖర్ తూటా ఆధారంగా ఈ రకం వాడుకలోకి వచ్చింది. ఆయుధ కర్మాగారాల బోర్డు 2021 అక్టోబరు 1న రద్దయి ఏడు సంస్థలుగా విడిపోయింది. .315 గుండు బరువైనది, వేగం తక్కువ. పైన చెప్పిన జారుడు లెక్క దీనికి మరింతగా వర్తిస్తుంది. ఇది సాదా సైట్లతో వస్తుంది. స్కోపు కావాలనుకొనేవారు విడిగా బిగించుకోవాలి. ఆ బిగింపు పని సరిగా లేకపోతే రేంజిలో చేసిన శ్రమ అంతా వృథా.

నకిరేకల్ ప్రాంతం, చట్టం

నకిరేకల్ హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి 65పై హైదరాబాదుకు సుమారు 110 కి.మీ. దూరంలో ఉంది. నాగార్జునసాగర్ మీదుగా పోయే జాతీయ రహదారి 565 ఇక్కడే మొదలవుతుంది. మూసీ ఆయకట్టు వరి పొలాలు, వాటికి ఎగువన చెలకలు, చెలకల నడుమ రాతి గుట్టలు ఈ నేల స్వరూపం. గుట్టల పొదలలో పగలు దాగి, రాత్రి చేలలో దిగే అడవిపందుల గుంపు ఒక్క రాత్రిలో వేరుశనగ, మొక్కజొన్న, వరి చేలను తవ్వి, తొక్కి పాడుచేయగలదు. కాపలా మంచెలు, డబ్బాల చప్పుళ్లు, రంగు చీరల కంచెలు కొంతవరకే పనిచేస్తాయి. కొందరు కంచెకు విద్యుత్తు పారిస్తారు. ఇది నేరం. తెలంగాణలో ఇటువంటి తీగలకు తగిలి రైతులు, పశువులు ప్రాణాలు కోల్పోయిన సంఘటనలు ఉన్నాయి.

చట్టం చూపిన మార్గం వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ విభాగం. ప్రాణానికి గాని, నిలిచి ఉన్న పంటకు గాని ప్రమాదకరమైన జంతువును కాల్చడానికి ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి కారణాలు చూపుతూ వ్రాతపూర్వకంగా అనుమతించవచ్చు. 2022 సవరణ తరువాత అడవిపంది ఈ చట్టపు రెండవ షెడ్యూలులో ఉంది. చట్టం దృష్టిలో వేట అంటే చంపడం మాత్రమే కాదు, గాయపరచడం కూడా వేటే. అనుమతితో చంపిన జంతువు కళేబరం ప్రభుత్వ ఆస్తి. మాంసం పంచుకోవడానికి, అమ్మడానికి వీలులేదు.

రైఫిల్‌కు 1959 ఆయుధ చట్టం, 2016 ఆయుధ నియమాల కింద లైసెన్సు ఉండాలి. ఒక వ్యక్తి ఉంచుకొనదగిన తుపాకుల సంఖ్యను 2019 సవరణ మూడు నుంచి రెండుకు తగ్గించింది. ఏటా కొనదగిన తూటాల సంఖ్య లైసెన్సుపైనే నమోదై ఉంటుంది. గురి సవరణను చాలామంది వదిలివేయడానికి అసలు కారణం ఇక్కడ కనబడుతుంది. పరిమితంగా దొరికే, ఖరీదైన తూటాలలో పదిహేను, ఇరవై కాగితంపై ఖర్చు చేయడానికి మనసు ఒప్పదు. అయితే గాయపడిన పందిని వెతకడానికి రాత్రిపూట లాంతర్లు, టార్చిలతో పొదలలోకి దిగేది ఆ ఊరి మనుషులే. గాయపడిన మగపంది కోరలతో తొడ చీల్చిన తరువాత చేసే లెక్కలో తూటాల ధర చాలా చిన్న అంకె.

మట్టికట్ట, రాతిగుట్ట

సొంత చెలకలో గుట్ట వైపు కాల్చి గురి చూసుకోవడం సులభమనిపించవచ్చు. ఇది మిక్కిలి ప్రమాదకరం. నల్గొండ గుట్టలు గ్రానైటు శిలలు. రాతికి తగిలిన గుండు ఏ దిశకైనా చిట్లి ఎగురుతుంది. చెరువు నీటిమట్టానికి ఏటవాలుగా తగిలిన గుండు కూడా ఎగిరిపోగలదు. అన్నిటికన్నా చిన్నదైన .22 తూటాల డబ్బాలపైనే ఒకటిన్నర మైలు వరకు ప్రమాదమన్న హెచ్చరిక ఉంటుంది. వేట రైఫిల్ గుండు అంతకన్నా చాలా దూరం పోతుంది. రేంజిలో లక్ష్యాల వెనుక ఉండే ఎత్తైన మెత్తని మట్టికట్ట గుండును మింగివేస్తుంది. కాల్చే వరుసలో ఒక అధికారి ఉండి, ఆజ్ఞ ఇచ్చినపుడే తూటా నింపనిస్తాడు. కాగితాలు చూడటానికి ఎవరైనా ముందుకు వెళ్లేటపుడు తుపాకులన్నీ ఖాళీచేసి, బోల్టులు తెరిచి ఉంచాలి.

హైదరాబాదులో 2002 జాతీయ క్రీడల కోసం కేంద్రీయ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో షూటింగ్ రేంజి నిర్మించారు. అది పోటీ క్రీడల కోసం ఏర్పడినది. అంతర్జాతీయ రైఫిల్ పోటీలలో 10, 50 మీటర్ల అంశాలకు స్కోపు అనుమతించరు. చిన్న రంధ్రం గుండా చూసే సైట్లు వాడతారు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు మాత్రమే. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఈ అంశంలోనే కాంస్య పతకం గెలిచాడు. అంతటి క్రీడాకారులకు సైతం పోటీకి ముందు లెక్కలోకి రాని గుండ్లు కాల్చి సైట్లు సరిచూసుకొనే సమయం ఇస్తారు.

పరీక్ష ముగిశాక తేదీ, దూరం, తూటా రకం, ఉష్ణోగ్రత, గుంపు కొలత, చివరి క్లిక్కుల సంఖ్య ఒక పుస్తకంలో వ్రాసి, లక్ష్యపు కాగితాన్ని దానితో కలిపి ఉంచుకొనే అలవాటు ఉన్నది. జీపులోనో బస్సులోనో వంద కిలోమీటర్లు కుదుపులతో ఇంటికి చేరిన రైఫిల్‌లో స్కోపు మరలు మళ్లీ వదులు కావచ్చు. మరల తలలపై, బిగింపు కడియాలపై రంగుతో ఒకే గీత గీసి ఉంచితే, ఆ గీత తెగి కనిపించిన రోజున మర తిరిగిందని చూడగానే తెలుస్తుంది.